జెట్ చోదనంలో లోహ ఇంధనాలు

రామ్‌జెట్, స్క్రామ్‌జెట్ ఇంజన్లు గాలిలోని ఆక్సిజన్‌నే వాడుకుంటూ ధ్వనివేగానికి రెండు రెట్లు మొదలు ఆపై వేగాల్లో పనిచేస్తాయి. వీటిలో కిరోసిన్, ద్రవ హైడ్రోజన్ వంటి వాటికి బదులుగానో తోడుగానో మండించే లోహాలను లోహ ఇంధనాలు అంటారు. బోరాన్, అల్యూమినియం, మెగ్నీషియం వీటిలో ముఖ్యమైనవి. బెరీలియం, లిథియం, జిర్కోనియం, టైటానియం మీద కూడా పరిశోధనలు జరిగాయి. రసాయన శాస్త్రం ప్రకారం బోరాన్ అర్ధలోహం. చోదన రంగంలో మాత్రం దాన్ని లోహాల వరసలోనే చేర్చి మాట్లాడతారు.

లోహం మండటం వింతేమీ కాదు. దీపావళి నాడు కాకరపువ్వొత్తి నుంచి రాలే రవ్వలు మండుతున్న ఇనుప రజనే. శ్రీహరికోటలో పోతపోసే ఘన ఇంధన మోటార్లలో అల్యూమినియం పొడి ఉంటుంది. అమెరికా స్పేస్ షటిల్ బూస్టర్ల ఘన చోదకంలో అల్యూమినియం వాటా 16 శాతం. రాకెట్‌లో ఇంత మామూలైన వస్తువు జెట్ ఇంజన్‌లో ఇంత అరుదుగా ఎందుకు కనిపిస్తుంది? రాకెట్ చోదకంలో లోహపు రేణువు, దానికి కావలసిన ఆక్సిజన్ పక్కపక్కనే ఉంటాయి. మంట వేడి కూడా అక్కడే అందుతుంది. రామ్‌జెట్‌లో అలా కాదు. వేగంగా దూసుకుపోయే గాలిలో పడ్డ రేణువు తనకు కావలసిన ఆక్సిజన్‌ను గాలిలోనే వెతుక్కోవాలి. కొద్ది మిల్లీసెకన్లలో వేడెక్కి, అంటుకుని, పూర్తిగా కాలిపోవాలి. అలా కాలని లోహం ఎంత శక్తి ఉన్నదైనా మోసుకెళ్లిన బరువు మాత్రమే.

మూడు తూకాలు

ఏ ఇంధనం మేలన్న ప్రశ్నకు జవాబు దేని లెక్కన తూస్తున్నామన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఈ రంగంలో వాదాలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

బరువు లెక్కన చూస్తే హైడ్రోజన్‌కు సాటి లేదు. ఒక కిలోకు 120 మెగాజౌళ్లు ఇస్తుంది. కిరోసిన్ 43, బోరాన్ 59, బెరీలియం 67 మెగాజౌళ్లు ఇస్తాయి. అల్యూమినియం ఇచ్చేది 31, మెగ్నీషియం 25 మాత్రమే. ఈ తూకంలో బోరాన్, బెరీలియం తప్ప మిగతా లోహాలు కిరోసిన్‌ను దాటలేవు. లిథియం దానికి సమానంగా నిలిచి ఆగిపోతుంది.

ఘనపరిమాణం లెక్కన చూస్తే వరస తలకిందులవుతుంది. ఒక లీటరు ద్రవ హైడ్రోజన్‌లో ఉన్నది సుమారు 8.5 మెగాజౌళ్లే. కిరోసిన్‌లో 35, అల్యూమినియంలో 84, టైటానియంలో 89, బోరాన్‌లో దాదాపు 138. క్షిపణి లోపల చోటు చాలా తక్కువ. విమానం రెక్క కింద వేలాడాల్సిన ఆయుధం పొడవు, లావు ముందే నిర్ణయమై ఉంటాయి. అలాంటి చోట లీటరుకు నాలుగు రెట్ల శక్తి అన్న మాటకు ఉన్న ఆకర్షణ అంతా ఇంతా కాదు. అరవై ఏళ్లకు పైగా ఇంజనీర్లు బోరాన్‌ను వదలకపోవడానికి అసలు కారణం ఈ అంకే.

మూడో తూకం గాలి. దీని గురించి తక్కువగా మాట్లాడుకుంటారు కానీ అతివేగ చోదనంలో ఇదే కీలకం. ఇంజన్‌లోకి వచ్చిన ఒక కిలో గాలికి ఎంత వేడి చేర్చగలం? కిరోసిన్‌తో సుమారు 2.9 మెగాజౌళ్లు, హైడ్రోజన్‌తో 3.5. అదే గాలిలో బోరాన్‌ను పూర్తిగా మండిస్తే 6, అల్యూమినియంతో 8, మెగ్నీషియంతో 8.5కు పైగా వస్తాయి. ధ్వనివేగానికి ఎనిమిది రెట్ల వేగంతో ఎదురయ్యే ఒక కిలో గాలికి ఉన్న గతిజశక్తే దాదాపు 2.9 మెగాజౌళ్లు. అంటే ఆ వేగం దగ్గర కిరోసిన్ చేర్చగలిగేది గాలి తనతో తెచ్చుకున్నంతే. లోపలికి వచ్చినప్పటి వేగాన్ని మించి గాలిని బయటికి నెట్టడమే థ్రస్ట్ కాబట్టి, వేగం పెరిగేకొద్దీ కిరోసిన్‌తో మిగిలే లాభం సన్నబడుతుంది. లోహాలకు ఆ ఇబ్బంది చాలా ఆలస్యంగా వస్తుంది.

దీనికి చెల్లించాల్సిన ధర కూడా ఉంది. ఒక కిలో గాలిలోని ఆక్సిజన్ మొత్తాన్ని వాడుకోవడానికి కిరోసిన్ 68 గ్రాములు చాలు. బోరాన్ సుమారు 100 గ్రాములు, అల్యూమినియం 260, మెగ్నీషియం 350 గ్రాములు కావాలి. మెగ్నీషియంతో బలమైన తోపు వస్తుంది కానీ నిల్వ త్వరగా ఖాళీ అవుతుంది. తక్కువ సమయంలో ఎక్కువ బలం కావాలంటే మెగ్నీషియం, చిన్న డబ్బాతో ఎక్కువ దూరం పోవాలంటే బోరాన్ అని స్థూలంగా చెప్పుకోవచ్చు.

తొలి ఊహలు, అమెరికా ప్రయోగాలు

లోహాన్ని ఇంధనంగా వాడాలన్న ఊహ రామ్‌జెట్లు ఎగరకముందే పుట్టింది. రీగాలో పుట్టిన సోవియట్ ఇంజనీరు ఫ్రిడ్రిక్ త్సాందర్ 1924లో ఒక విచిత్రమైన వ్యోమనౌకను ప్రతిపాదించాడు. అది విమానంలా గాలిలోకి లేస్తుంది. పైకి వెళ్లాక ఇక అవసరం లేని రెక్కల వంటి లోహభాగాలను కరిగించి ఇంజన్‌లోనే కాల్చేసుకుంటుంది. వినడానికి తమాషాగా ఉన్నా లెక్కల్లో తప్పు లేదు. ఆయన 1933లో టైఫస్‌తో చనిపోయాడు. ద్రవ ఇంధనంలో లోహపు పొడి కలిపి చూసే పనులు ఆయన బృందంలో మొదలయ్యాయి కానీ పొడి నాజిళ్లలో అడ్డుపడటం అప్పుడే తలనొప్పి అయింది. యూరీ కొంద్రాత్యుక్ 1929లో నొవొసిబిర్స్క్‌లో అచ్చువేసిన తన పుస్తకంలో బోరాన్ హైడ్రైడ్లను కూడా ఇంధనాలుగా లెక్కలోకి తీసుకున్నాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పని అమెరికాలో ఊపందుకుంది. ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో ఉన్న, విమాన పరిశోధన సంస్థ నాకాకు చెందిన లూయిస్ ప్రయోగశాలలో మెగ్నీషియం, అల్యూమినియం, బోరాన్ పొడులను జెట్ ఇంధనంలో కలిపి చిక్కటి స్లర్రీలు తయారు చేశారు. కొన్నిటిలో సగానికి పైగా బరువు లోహపు పొడిదే. మెగ్నీషియం స్లర్రీ చక్కగా మండింది, థ్రస్ట్ పెంచింది. ట్యాంకులో పొడి అడుగుకు చేరడం, పంపులు అరిగిపోవడం, ఇంజన్ గోడలకు ఆక్సైడ్ పేరుకోవడం మాత్రం వదల్లేదు.

అదే కాలంలో ఇంకో దారి తొక్కారు. పొడి కష్టమైతే బోరాన్‌ను ద్రవంలా మారిస్తే సరిపోతుంది కదా అనుకున్నారు. బోరాన్‌ను హైడ్రోజన్‌తో కలిపితే పెంటాబోరేన్, డెకాబోరేన్ వంటి సమ్మేళనాలు వస్తాయి. వాటికి ఇథైల్ గుంపులు తగిలిస్తే పైపుల్లో పారే ఇంధనం తయారవుతుంది. అమెరికా నౌకాదళం 1952లో మొదలుపెట్టిన ఈ పథకం పేరు మీద వీటికి జిప్ ఇంధనాలన్న పేరు స్థిరపడింది. వైమానిక దళం కూడా పెద్ద ఎత్తున డబ్బు పోసింది. ధ్వనికి మూడు రెట్ల వేగంతో పోవాల్సిన ఎక్స్‌బీ-70 వాల్కైరీ బాంబర్ ఇంజన్‌కు ఆఫ్టర్‌బర్నర్‌లో జిప్ ఇంధనం మండించే రూపం ఒకటి వేసుకున్నారు.

పెంటాబోరేన్ గాలి తగిలితే తనంతట తానే అంటుకుని ఆకుపచ్చని మంటతో మండుతుంది. దాని ఆవిరి నాడీమండలాన్ని దెబ్బతీసే విషం. తయారీ ఖర్చు విపరీతం. వీటన్నిటినీ సైన్యం ఓర్చుకునేదేమో. ఇంజన్ ఓర్చుకోలేదు. మండాక మిగిలే బోరిక్ ఆక్సైడ్ గాజు వంటిది. వేడిలో జిగటగా పారుతూ టర్బైన్ రెక్కలకు అతుక్కుంటుంది. ఆఫ్టర్‌బర్నర్ టర్బైన్ వెనక ఉంటుంది కాబట్టి అక్కడ వాడితే రెక్కలు బతుకుతాయన్నది వాల్కైరీ రూపకర్తల ఉపాయం. అలా వాడితే లాభం కూడా తగ్గుతుంది. 1959 ఆగస్టులో పథకాన్ని రద్దు చేశారు. మిగిలిపోయిన పెంటాబోరేన్ నిల్వలను సురక్షితంగా నాశనం చేయడం 2000 ప్రాంతంలో గానీ కుదరలేదు. ఆ కుటుంబంలో సేవలో నిలిచింది ట్రైఇథైల్ బోరేన్. అది ఇంధనంగా కాదు, అగ్గిపుల్లగా పనికొచ్చింది. ఎస్ఆర్-71 విమానం వాడిన జేపీ-7 ఇంధనం నిప్పు చూపించినా సులువుగా అంటుకునేది కాదు. ఇంజన్లు రాజేయడానికి కొద్దిగా ఈ ద్రవం చిమ్మేవారు.

జిప్ పథకం డబ్బు తగలేసిన వ్యవహారమన్న పేరు తెచ్చుకుంది. ఆ నింద కొంతవరకు న్యాయమే. అయితే దాని నుంచి ఒక పాఠం తేలింది. బోరాన్‌కు టర్బైన్ రెక్కలు పడవు. రెక్కలే లేని ఇంజన్ రామ్‌జెట్. తర్వాతి బోరాన్ పరిశోధన ప్రధానంగా ఆ దారిలోనే సాగింది.

ఆక్సైడ్ పొర

లోహం మండే తీరును నిర్ణయించేది లోహం కన్నా ఎక్కువగా దాని ఆక్సైడ్. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇర్విన్ గ్లాస్‌మన్ దీనికి సరళమైన కొలత ఇచ్చాడు. లోహం మరిగే ఉష్ణోగ్రత కన్నా ఆక్సైడ్ ఆవిరయ్యే ఉష్ణోగ్రత ఎక్కువైతే లోహం ఆవిరిగా మారి, రేణువు చుట్టూ మంటగా కాలుతుంది. లేకపోతే ఉపరితలం మీద నెమ్మదిగా కాలాల్సిందే.

మెగ్నీషియం 1,090 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. దాని ఆక్సైడ్ కరగడానికే 2,850 డిగ్రీలు కావాలి. అందుకే అది ఆవిరై చటుక్కున అంటుకుంటుంది. అల్యూమినియం మీద ఎప్పుడూ ఒక పలుచని ఆక్సైడ్ పొర ఉంటుంది. అది 2,070 డిగ్రీల ప్రాంతంలో కరిగితే తప్ప పెద్ద రేణువు సరిగా రాజుకోదు. రాజుకున్నాక మాత్రం ఉధృతంగా కాలుతుంది.

బోరాన్ కథ దీనికి పూర్తిగా భిన్నం. దాని ఆక్సైడ్ 450 డిగ్రీలకే కరిగిపోతుంది. బోరాన్ కరగడానికి 2,000 డిగ్రీలకు పైగా, మరగడానికి 3,900 డిగ్రీల పైచిలుకు కావాలి. ఫలితంగా రేణువు ఇంకా గట్టిగా ఉండగానే దాని చుట్టూ ద్రవ ఆక్సైడ్ తొడుగు ఏర్పడి ఆక్సిజన్‌ను లోపలికి రానివ్వదు. ఆ తొడుగు మరిగేది 1,860 డిగ్రీల దగ్గర. ఈ పొరను వదిలించుకుంటే గానీ అసలు దహనం మొదలవదు. 1969లో మాచెక్, సెంపుల్ అనే పరిశోధకులు ఒక్కో బోరాన్ రేణువును వేడి వాయువులోకి వదిలి గమనించి, అది రెండు దశల్లో మండుతుందని తేల్చారు. మొదట కాస్త వెలిగి, మసకబారి, పొర పోయాక మళ్లీ ప్రకాశవంతంగా కాలుతుంది. మొదటి వెలుగును చూసి దహనం అయిపోయిందనుకుంటే ఇంజన్ లెక్కలన్నీ తప్పుతాయి.

పొరను దాటినా ఇంకో చిక్కు కాచుకుని ఉంటుంది. చుట్టూ హైడ్రోజన్ ఉన్న వాయువులుంటే బోరాన్ పూర్తి ఆక్సైడ్‌గా మారకుండా మెటాబోరిక్ ఆమ్లం ఆవిరి దగ్గర ఆగిపోతుంది. పూర్తి ఆక్సైడ్‌గా మారినా అది ఆవిరి రూపంలోనే నాజిల్ దాటిపోతే ఇవ్వాల్సిన వేడిలో దాదాపు మూడోవంతు దానితోనే బయటికి పోతుంది. ఆ వేడి చేతికి రావాలంటే ఆవిరి ఇంజన్‌లోనే ద్రవంగా మారాలి. రాజుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, శక్తి మొత్తం రాబట్టడానికి వేడి తగ్గాలి. బోరాన్‌తో పనిచేసేవాళ్ల పాట్లన్నీ ఈ రెంటి మధ్యనే.

దీనికి వైద్యాలు చాలా ప్రయత్నించారు. పొరతో చర్య జరిపి దాన్ని త్వరగా తొలగించే లిథియం ఫ్లోరైడ్‌తో రేణువులకు పూత పూశారు. బోరాన్ పక్కన మెగ్నీషియం, టైటానియం కలిపి వాటి మంటతో దీన్ని వేడెక్కించారు. బోరాన్‌ను మెగ్నీషియం, అల్యూమినియం బోరైడ్లుగా మార్చి వాడారు. ఎక్కువమంది నమ్మిన ఉపాయం మాత్రం ఇంజన్ అమరికలోనే ఉంది. మొదట తక్కువ గాలితో బాగా వేడిగా ఉన్న చోట రేణువును రాజేసి, ఆ తర్వాత మిగతా గాలిని కలిపి చల్లారుస్తూ దహనం పూర్తి చేస్తారు.

నాజిల్ దగ్గర కూడా లోహాలు కొంత వసూలు చేసుకుంటాయి. వాయువు వ్యాకోచించి వేగం అందుకుంటుంది. ఘన, ద్రవ ఆక్సైడ్ తుంపరలు అలా వ్యాకోచించవు. వాయువు వాటిని లాక్కుపోవాలి. ఆ లాగుడులో కొంత థ్రస్ట్ పోతుంది. అల్యూమినియం, మెగ్నీషియంలతో తెల్లటి పొగచార కూడా మిగులుతుంది. యుద్ధవిమానానికి తన ఆచూకీ తెలియడం ఇష్టం ఉండదు కాబట్టి అదీ లోపమే.

క్షిపణుల్లో లోహాలు

లోహ ఇంధనం నిజంగా ఉద్యోగంలో చేరింది ఘన ఇంధన డక్టెడ్ రామ్‌జెట్లలో. వీటిలో లోహపు పొడిని రబ్బరు వంటి బంధకంలో, లేదా మరో ఘన మిశ్రమంలో, తక్కువ ఆక్సీకరణితో కలిపి కడ్డీగా చేస్తారు. అది ఒక గదిలో అరకొరగా కాలి లోహం నిండిన వేడి పొగను పుట్టిస్తుంది. ఆ పొగ రెండో గదిలో బయటి గాలితో కలిసి పూర్తిగా మండుతుంది. ట్యాంకులో పొడి అడుగుకు చేరే సమస్య లేదు, పంపు లేదు. రేణువు అప్పటికే వేడెక్కి ఉంటుంది కాబట్టి రాజుకోవడం తేలిక.

1967లో సేవలోకి వచ్చిన సోవియట్ కుబ్ క్షిపణి ఈ తరహాలో ప్రసిద్ధమైంది. మెగ్నీషియం ఎక్కువగా ఉన్న ఘన ఇంధనంతో నడిచిన ఈ క్షిపణులు 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో ఇజ్రాయెల్ విమానాలకు గట్టి దెబ్బ తీశాయి. హైదరాబాద్‌లోని క్షిపణి ప్రయోగశాల డీఆర్డీఎల్ 1983లో మొదలైన సమగ్ర క్షిపణి కార్యక్రమం కింద రూపొందించిన ఆకాశ్ క్షిపణి చోదనం కూడా ఇదే కోవకు చెందుతుంది. ఘన ఇంధన బూస్టర్ కాలిపోయాక ఖాళీ అయిన ఆ గదే రామ్‌జెట్ దహనగదిగా మారుతుంది. ఆకాశ్ 2015లో సైన్యానికి, వైమానిక దళానికి అందింది. దాని తర్వాతి తరం ఆకాశ్-ఎన్‌జీలో రామ్‌జెట్ లేదు. రెండు విడతలుగా మండే ఘన రాకెట్ మోటారు పెట్టారు. రామ్‌జెట్ గాలి గొట్టాలు క్షిపణిని లావు చేస్తాయి, బరువు పెంచుతాయి. లోహ ఇంధనం ఎంత మేలైనదైనా ఇంజన్ చుట్టుకొలతను కూడా లెక్కలో వేసుకోవాల్సిందే.

బోరాన్ వాగ్దానం తీరింది యూరప్‌లో. జర్మనీలోని బయర్న్-కెమీ సంస్థ తయారు చేసిన బోరాన్ ఘన ఇంధన చోదనం మెటియోర్ క్షిపణిని నడుపుతుంది. ఇది విమానం నుంచి విమానం మీదికి ప్రయోగించే ఆయుధం. 2016లో స్వీడన్ గ్రిపెన్ విమానాల మీద సేవలో చేరింది. వేగం ధ్వనికి నాలుగు రెట్ల పైనే. దీని అసలు గొప్పతనం వేగంలో లేదు. మొదటి గది నుంచి వచ్చే పొగ ఎంత పోవాలో ఒక కవాటం నియంత్రిస్తుంది. ఘన ఇంధనమే అయినా అవసరాన్ని బట్టి మంట పెంచవచ్చు, తగ్గించవచ్చు. మామూలు రాకెట్ క్షిపణి మొదటి కొద్ది క్షణాల్లో ఇంధనం కాల్చేసి ఆ తర్వాత జారుతూ పోతుంది. మెటియోర్ చివరి దాకా ఇంజన్ బలంతోనే లక్ష్యాన్ని తరుముతుంది. తప్పించుకోజూసే విమానానికి ఈ తేడా ప్రాణాంతకం.

భారత్ కూడా ఈ దారిలోనే ఉంది. హైదరాబాద్‌లోని డీఆర్డీఎల్, ఆర్‌సీఐ, పుణేలోని హెచ్ఈఎంఆర్ఎల్ ప్రయోగశాలలు కలిసి ఎస్ఎఫ్‌డీఆర్ పేరుతో ఘన ఇంధన డక్టెడ్ రామ్‌జెట్‌ను అభివృద్ధి చేస్తున్నాయి. దాన్ని 2018 నుంచి ఒడిశా తీరంలోని చాందీపుర్ వద్ద పలుసార్లు ఎగరేసి పరీక్షించారు. 2022 ఏప్రిల్ 8 పరీక్ష వాటిలో ఒకటి. దీని బూస్టర్‌కు నాజిల్ ఉండదు. బూస్టర్ కాలిపోయాక విడిపోయి పడే నాజిల్ ముక్క లేకపోవడం విమానం నుంచి వదిలే ఆయుధానికి అనుకూలం. బ్రహ్మోస్ కూడా రామ్‌జెట్టే. అయితే అది ద్రవ ఇంధనంతో నడుస్తుంది.

పొడిగానే మండించే ఆలోచన

స్లర్రీ వద్దు, ఘన కడ్డీ వద్దు, ఉత్త లోహపు పొడినే ఇంజన్‌లోకి పంపితే ఎలా ఉంటుందన్నది మరో పరిశోధన ధార. పొడిలోకి కొంచెం వాయువును ఊది దాన్ని ద్రవంలా పారేలా చేసి, పిస్టన్‌తో నెడతారు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ గొరోషిన్, ఆండ్రూ హిగ్గిన్స్ బృందం 2001లో ఈ పద్ధతిని హైపర్‌సోనిక్ రామ్‌జెట్లకు ప్రతిపాదించింది. వారి వాదనకు ఆధారం పైన చెప్పిన మూడో తూకమే. వేగం పెరిగేకొద్దీ ఇంజన్‌లో ఆగిన గాలి మరింత వేడెక్కుతుంది. ధ్వనికి మూడు రెట్ల వేగంలో సుమారు 340 డిగ్రీలకు, ఆరు రెట్లకు 1,350 డిగ్రీల పైకి చేరుతుంది. అప్పటికే అంత వేడిగా ఉన్న గాలిలో కిరోసిన్ మండితే పుట్టే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ అణువులు మళ్లీ విడిపోతూ వేడిని మింగేస్తాయి. అల్యూమినియం, మెగ్నీషియం ఆక్సైడ్లు ఇంకా ఎక్కువ వేడికి తట్టుకుంటాయి. పైగా అంత వేడి గాలిలో రేణువు రాజుకోవడం కూడా సులువు. తక్కువ వేగంలో లోహానికి శత్రువైన గాలే ఎక్కువ వేగంలో మిత్రమవుతుందన్నమాట. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నమ్మదగినదిగా కనిపించే వాదన ఇది. అయితే సన్నని పొడి ఒకే తీరుగా పారాలి, ఎక్కడా గడ్డకట్టకూడదు, నిల్వ చేసిన చోట పేలకూడదు. కాగితం మీద ఇవి చిన్న షరతులు. కార్ఖానాలో కావు.

గాలే అక్కర్లేని చోట్ల కూడా లోహాలకు గిరాకీ ఉంది. మెగ్నీషియం కార్బన్ డయాక్సైడ్‌లో కూడా మండుతుంది. అంగారకుడి వాతావరణమంతా దాదాపు అదే కాబట్టి అక్కడ తిరిగే వాహనాలకు దాన్ని సూచించినవారున్నారు. నీటితో చర్య జరిపే లోహ ఇంధనం సోవియట్ ష్క్వాల్ టార్పెడోను నీటి అడుగున గంటకు 370 కిలోమీటర్ల వేగంతో తోసింది.

బెరీలియం పేరు లెక్కల్లో ఎంత మెరిసినా దాని ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. 1960లలో అమెరికాలో రాకెట్ మోటార్లలో పరీక్షించి వదిలేశారు. లిథియం తేలికైనదే కానీ లీటరుకు ఇచ్చే శక్తి కిరోసిన్ కన్నా తక్కువ. జిర్కోనియం సులువుగా అంటుకుంటుంది కానీ కిలోకు 12 మెగాజౌళ్లే ఇస్తుంది. ఈ మూడింటికీ క్షిపణి జెట్లలో ప్రధాన ఇంధనంగా భవిష్యత్తు ఉందనుకోవడం కష్టం.

ఇప్పటిదాకా ప్రసిద్ధి చెందిన స్క్రామ్‌జెట్ ప్రయోగాలేవీ లోహంతో నడిచినవి కావు. 2004లో ధ్వనికి 9.6 రెట్ల వేగం అందుకున్న నాసా ఎక్స్-43ఏ, 2016 ఆగస్టు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇస్రో పరీక్ష వాహనం హైడ్రోజన్ వాడాయి. 2013 నాటి ఎక్స్-51ఏ, 2020 సెప్టెంబరు 7న డీఆర్డీవో పరీక్షించిన హెచ్ఎస్‌టీడీవీ హైడ్రోకార్బన్ ఇంధనంతో నడిచాయి. ధ్వనికి రెండు నుంచి సుమారు నాలుగు రెట్ల వేగంతో పోయే క్షిపణుల్లో మాత్రం లోహం ఇప్పటికే స్థిరపడింది. ఆ పైవేగాల్లో అది ఇంకా ప్రయోగశాల దాటలేదు.